‘డెబ్బది ఏళ్ల మారులు’: ఏళ్లంటే ఏడులా, సంవత్సరాలా?

సందేహం: మా ఇంట్లో బుధవారం సాయంత్రం కూడిక జరుగుతుంది. ఈమధ్య మత్తయి సువార్త 18వ అధ్యాయం చదివాం. నాపట్ల తప్పు చేసిన సహోదరుణ్ని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే, ప్రభువు “ఏడు మారులమట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారులమట్టుకు” అంటాడు కదా. మా అత్తగారిది తెనాలి. “డెబ్బయ్యేళ్లంటే మనిషి ఆయుష్షు. బతికినన్నాళ్లూ క్షమిస్తూనే ఉండాలని” అని ఆవిడ చెబితే అందరికీ కళ్లు చెమర్చాయి. పక్కింటి మెదక్ అక్క మాత్రం “సంవత్సరాలైతే ఏండ్లు అని ఉండాలె గద” అంది. మా అబ్బాయి 490 అని లెక్క తేల్చాడు. ఎవరిది సరి? ఆ వెంటనే ప్రభువు ఒక కథ చెబుతాడు: యజమాని తన బాకీ అంతా వదిలేసినా, ఒక దాసుడు తనకు బాకీపడ్డ తోటివాణ్ని వదలడు. అందులో “అచ్చియున్న” అని వస్తుంది. అది “ఇచ్చియున్న”కు ముద్రణ దోషమా? మా తోడికోడలితో నాకు మాటలు లేక చాలాకాలమైంది. అందుకే ఈ వాక్యం నన్ను వదలడం లేదు.
– ఒక సోదరి, మల్కాజిగిరి

సమాధానం: మెదక్ అక్కగారి చెవి సరిగ్గా పట్టుకుందమ్మా. ఇక్కడ ఏళ్లంటే సంవత్సరాలు కావు, ఏడులు. బళ్లో ఎక్కాలు వల్లించినవాళ్లందరికీ ఇది తెలిసిన మాటే. “రెండేళ్లు పద్నాలుగు, మూడేళ్లు ఇరవయ్యొకటి, ఏడేళ్లు నలభై తొమ్మిది” అంటాం. రెండు ఏడులు కలిస్తే పద్నాలుగని అర్థం తప్ప అక్కడ సంవత్సరాల ఊసే లేదు. బైబిలు అనువాదకులు ఆ ఎక్కాల తెలుగునే తీసుకున్నారు. డెబ్బది ఏళ్లు, అంటే డెబ్బై ఏడులు. అన్నిసార్లు క్షమించాలని.

ఈ చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సంవత్సరానికీ సంఖ్యకూ ఇప్పుడు మనం ఒకే తీరుగా ‘ఏడు’ అంటున్నాం. పాత తెలుగులో అవి వేరు. సంవత్సరానికి అరసున్న ఉండేది, ‘ఏఁడు’ అని రాసేవారు. సంఖ్యకు అరసున్న లేదు. తమిళంలో సంవత్సరాన్ని ఆండు అంటారు. అందులోని ఆ సున్నే మనకు అరసున్నగా మిగిలింది. తమిళంలో సంఖ్యకు సున్న లేదు, మనకూ లేదు. బహువచనం చేసేసరికి సంవత్సరం ‘ఏండ్లు’ అయింది, సంఖ్య ‘ఏళ్లు’ అయింది. ఊరు ఊళ్లయినట్టు, తాడు తాళ్లయినట్టు అన్నమాట. తరవాత కోస్తా మాటలో ఇండ్లు ఇళ్లయ్యాయి, పండ్లు పళ్లయ్యాయి, ఏండ్లు కూడా ఏళ్లయ్యాయి. దాంతో రెండు మాటలూ ఒకే రూపంలో కలిసిపోయాయి. తెలంగాణలో ఇండ్లు, పండ్లు, ఏండ్లు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. మెదక్ నుంచీ తెనాలి నుంచీ వచ్చినవాళ్లు ఒకే చాప మీద కూర్చుని ఒకే వచనం వినడం మన హైదరాబాదులో మామూలే గనక ఇలాంటి మంచి చర్చలు ఇక్కడే పుడతాయి.

సువార్త అనువాదంలోనే దీనికి సాక్ష్యం ఉంది. లూకా 2వ అధ్యాయంలో బాలయేసు “పండ్రెండేండ్లవాడై” యెరూషలేముకు వెళ్తాడు. 3వ అధ్యాయంలో “ముప్పది ఏండ్ల యీడుగలవాడు” అని ఉంటుంది. సంవత్సరమన్నచోట ఏండ్లు, ఏడన్నచోట ఏళ్లు. పైగా మత్తయిలో వెంటనే ‘మారులు’ అనే మాట ఉంది. సంవత్సరాలే అయితే “డెబ్బది ఏండ్లవరకు” అంటే చాలు, మారులతో పనిలేదు. పైకి చదివేటప్పుడు “డెబ్బది ఏళ్ల” దగ్గర ఊపిరి ఆపకూడదు. ఆపితే సంవత్సరాలే వినిపిస్తాయి. ‘మట్టుకు’ అంటే ఇక్కడ వరకు అని. “నా మట్టుకు నేను” అనడంలోని అర్థం కాదు.

అత్తగారికి 90వ కీర్తన మనసులో మెదిలి ఉంటుంది. “మా ఆయుష్కాలము డెబ్బది సంవత్సరములు” అన్నది అందులోదే. వ్యాకరణం ఆవిడ పక్షాన లేకపోయినా, ఆవిడ చెప్పిన భావం ఈ అధ్యాయానికి దూరమైంది కాదు. ఆవిడకు ఆ మాట చెప్పండి.

ఇక అబ్బాయి లెక్క. డెబ్బయ్యేళ్లు నాలుగు వందల తొంభై, గుణకారం సరిగ్గానే చేశాడు. గ్రీకు మూలంలోని ప్రయోగాన్ని డెబ్బై ఏడులని 490గానూ చెప్పుకోవచ్చు, డెబ్బై ఏడని 77గానూ చెప్పుకోవచ్చు. పండితుల్లో రెండు పక్షాలూ ఉన్నాయి. 77 అనుకుంటే ఆదికాండం 4వ అధ్యాయంలోని లెమెకు గుర్తుకొస్తాడు. నన్ను గాయపరచినందుకు ఒక మనిషిని చంపానని భార్యల ముందు చెప్పుకుని, కయీను పక్షాన ఏడంతల ప్రతిదండన అయితే నా పక్షాన డెబ్బది యేడంతలు అని విర్రవీగినవాడు. ఆదికాండపు పాత గ్రీకు అనువాదంలో అక్కడ వాడిన పదాలే మత్తయిలో ప్రభువు నోట వస్తాయి. పగకు లెమెకు పెట్టిన లెక్కను ప్రభువు క్షమాపణకు పెట్టాడని నా నమ్మకం. ఈ అధ్యాయంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఏ సంఖ్య తీసుకున్నా ఒకటి మాత్రం ఖాయం. పేతురు అడిగింది ఎక్కడితో ఆపొచ్చని. ప్రభువు ఆపడానికి చోటు చూపించలేదు.

‘అచ్చియున్న’ ముద్రణ దోషం కానే కాదు. అచ్చు అని పాత క్రియ ఒకటుంది, బాకీపడడమని దాని అర్థం. అచ్చుకోవడమంటే ఆ బాకీ చెల్లించుకోవడం. జరిమానా అచ్చుకున్నాడు, వాడి అప్పు నేను అచ్చుకోవలసి వచ్చింది అని కోస్తాలో పెద్దవాళ్లు అనడం మీరు వినే ఉంటారు, అత్తగారిని అడిగి చూడండి. “పదివేల తలాంతులు అచ్చియున్న” వాడంటే అంత బాకీ ఉన్నవాడు. దాన్ని ‘ఇచ్చియున్న’ అని దిద్దితే బాకీదారు కాస్తా అప్పిచ్చినవాడైపోతాడు, కథ తలకిందులవుతుంది. రోమా పత్రిక 13వ అధ్యాయంలో “మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు” అన్నదీ ఈ మాటే.

బాకీలు ఎంతెంతో చూడండి. దేనారం ఒక కూలివాడి దినకూలి. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని రోజుకు ఒక దేనారానికే ఒప్పుకుంటాడు. తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొదటివాడి బాకీ 6 కోట్ల దినకూళ్లు. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏండ్లు పడుతుంది. తోటివాడు అతనికి అచ్చియున్నది 100 దేనారాలు, మూడు నెలల పైచిలుకు కూలి. తక్కువేం కాదు, కూలివాడి ఇంట్లో అది పెద్ద మొత్తమే. మీకు తగిలిన దెబ్బ చిన్నదని ఈ కథ అనడం లేదు. మొదటి బాకీ పక్కన పెట్టి చూడమంటోంది.

ఆ తోటివాణ్ని అనువాదంలో ‘తోడిదాసుడు’ అన్నారు. ఈ తోడి మీ తోడికోడలిలో ఉన్న తోడే. ఒకే యజమాని కింద ఇద్దరు దాసులు, ఒకే అత్తగారికి ఇద్దరు కోడళ్లు. “నీవును నీ తోడిదాసుని కరుణింపవలసి యుండెనుగదా” అని యజమాని అడిగేటప్పుడు ‘తోడి’ని కాస్త ఒత్తి చదవాలి.

“వాని అప్పు క్షమించెను” అన్నచోట కొందరు అప్పును క్షమించడమేమిటి, రద్దు చేయడం కదా అంటారు. హైదరాబాదువాళ్లకు ఆ అనుమానం రాకూడదు. రుణమాఫీ అంటాం, తప్పు చేసినవాడు మాఫ్ చెయ్యమంటాడు. గ్రీకులోనూ ఒకే క్రియ అప్పు వదిలేయడానికీ తప్పు మన్నించడానికీ పనికొస్తుంది. అందుకే పరలోక ప్రార్థనలో మత్తయి “మా ఋణములు క్షమించుము” అంటే, లూకా “మా పాపములను క్షమించుము” అన్నాడు.

ఆ ప్రార్థనలో క్రియారూపాలు కూడా గమనించండి. మత్తయిలో “మేము క్షమించియున్న ప్రకారము” అని ఉంది, అంటే పని ముగిసి ఆ స్థితి నిలిచి ఉందని. లూకాలో “మాకచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక” అని ఉంది. అక్కడ బాకీ ఇంకా అలాగే ఉంది, క్షమించడం సాగుతోంది. తోడికోడలు ఎదురుపడిన రోజున ‘క్షమించియున్న’ అని పలకడానికి నోరు రాకపోతే, లూకాలోని మాటతో ప్రార్థన చేసుకోండి.