మా సంఘం సాయం చేసే విదేశీ అనాథాశ్రమం నిర్వాహకురాలు మా ఇంట్లో ఉండబోతున్నారు. ఎలా చూసుకోవాలి, ఏం అడగొచ్చు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ చర్చి సంఘం కొన్నేళ్లుగా వేరే దేశంలోని ఒక అనాథాశ్రమానికి నెలనెలా కానుక పంపుతోంది, దాన్ని నడిపే ఆవిడ ఇప్పుడు వస్తున్నారు, బస మీ ఇంట్లోనే. ఆవిణ్ణి ఎలా చూసుకోవాలన్నది మొదటిది. డబ్బు సంగతులు అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమో అన్నది రెండోది. మా ఇంట్లోనూ ఇలాంటి అతిథి ఉండి వెళ్లారు కాబట్టి చెప్తున్నాను. మొదటి దానికి మీరు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. రెండోది అడగాల్సిందే. కాకపోతే డబ్బు కంటే ముందు పిల్లల గురించి అడగండి.

బైబిల్లో ఎలీషా ప్రవక్త తమ ఊరు వచ్చినప్పుడల్లా ఉండటానికి షూనేమీయురాలు, అంటే షూనేము ఊరి స్త్రీ, మేడమీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం పెట్టించింది కదా. ఇన్ని వేల ఏళ్ల తర్వాత కూడా ఆ జాబితాకి నేను కలిపేది ప్లగ్ అడాప్టరూ వైఫై పాస్‌వర్డూ మాత్రమే. అసలు కావాల్సింది తలుపు వేసుకోగలిగే గది. సంఘం అతిథి అనగానే అందరూ భోజనానికి పిలుస్తారు. ఆదివారం సాక్ష్యం (సంఘం ముందు తన అనుభవం చెప్పడం), స్త్రీల కూడిక, యూత్ మీటింగ్, పెద్దలతో మాటలు అంటూ ప్రోగ్రాం నింపేస్తారు. మనిషి విమానం దిగి వచ్చిందని, అక్కడి వేళ, ఇక్కడి వేళ ఒకటి కాదని ఎవరికీ గుర్తుండదు. మొదటి రెండు రోజులు ఏమీ పెట్టొద్దని, ఆ తర్వాత కూడా మధ్యమధ్యలో ఒక సాయంత్రం ఖాళీ ఉండాలని మా వారు పాస్టర్ గారికి ముందే చెప్పేశారు. కొంచెం మొహమాటపడ్డారుగానీ చెప్పారు. ఆ పని ఇల్లిచ్చినవాళ్లే చెయ్యాలి, ఎందుకంటే అతిథి తనంతట తాను వద్దనలేదు. తినకూడనివి ఏమిటి, వేసుకునే మందులు ఏమిటి అన్నవి రాకముందే మెసేజ్ పెట్టి అడగండి. ప్రయాణ బీమా చేయించారో లేదో కూడా. వీసా కోసం ఆహ్వాన పత్రం రాసేది మీరే అయితే, ఎందుకు వస్తున్నారు, ఎన్నాళ్లు ఉంటారు, ఖర్చు ఎవరిది అన్నవి ఉన్నవి ఉన్నట్టు రాయండి. సంఘానికి పని చేసిపెట్టడానికి పిలుస్తున్నట్టు ఎక్కడా ధ్వనించకూడదు.

మేము ఆవిణ్ణి సిస్టర్ గారు అనేవాళ్లం. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ సోఫాలో కూర్చుని ఫోన్లో పిల్లల ఫొటోలు చూసుకుంటూ గంటలు గడిపేవాళ్లు. ఒకరోజు తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. సిస్టర్ గారు వీడియో కాల్‌లో ఉన్నారు. అక్కడ పిల్లలు స్కూలుకి తయారవుతున్న వేళ. ఒక్కొక్కరే వచ్చి హోంవర్క్ పుస్తకం కెమెరాకి అడ్డం పెట్టి చూపిస్తున్నారు. ఒక కుర్రాడు మాత్రం క్రాఫు బాగా కుదరలేదని మొహం చూపించనంటున్నాడు, ఈవిడ గుసగుసగా బతిమాలుతున్నారు. మేము ఇన్నేళ్లు చదివిన రిపోర్టుల్లో ఇలాంటి పిల్లవాడు ఒక్కడూ లేడు. మీ అతిథి పిల్లల గురించి ఎలా మాట్లాడతారో గమనించండి. పేర్లు, అలవాట్లు, ఎవరికి లెక్కలు రావు, ఎవరు రాత్రుళ్లు భయపడతారు అన్నవి నోటిమీద ఉంటే ఆవిడ పిల్లల మధ్యే ఉంటున్నారని అర్థం. బిల్డింగు, స్థలం, రెండో అంతస్తు గురించే మాట్లాడుతుంటే మాత్రం ఇంకొంచెం లోతుగా అడగాల్సిందే.

ఇక అసలు విషయం. ఫొటోలు చూస్తుండగా నేను మామూలుగానే అడిగాను, ఈ బాబుకి ఎవరున్నారు అని. అమ్మ ఉంది, వేరే ఊళ్లో పని చేస్తుంది అన్నారు. తర్వాతి పాపకి నాయనమ్మ. ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు, తండ్రి పోయాడు, తల్లి స్కూలు ఫీజు కట్టలేక తెచ్చి దింపింది. అలా చూస్తూ పోతే నిజంగా ఎవరూ లేనివాళ్లు కొద్దిమందే తేలారు. ఆవిడ దాచలేదు, మేమెప్పుడూ అడగలేదు.

ఇది ఆ ఒక్క ఆశ్రమం సంగతి కాదు. కంబోడియాలో 2005లో 154 ఆశ్రమాలుంటే 2010కి అవి 269 అయ్యాయి. అక్కడ అనాథలు పెరిగి కాదు, విదేశీ దాతలు, సందర్శకులు పెరిగి. వాటిలో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెబుతూనే ఉంది. 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చెయ్యకూడదు, అది ఆ కుటుంబానికి సాయం అవసరమని తెలిపే సూచన. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఒకటి ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో, దాతల డబ్బు కోసం పిల్లల్ని ఆశ్రమాలకు చేర్చే వ్యాపారం గురించి కూడా రాసింది. అందరూ అలాంటివాళ్లని కాదు. కానీ మంచివాళ్లు నడిపే చోట కూడా, డబ్బు మంచం లెక్కన వస్తుంటే మంచాలు నిండుతాయి.

పసిపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక అధ్యయనంలో ఆశ్రమాల్లోని 136 మంది చిన్నపిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండుగా చేసి, సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. ఇళ్లకి వెళ్లిన పిల్లల తెలివి, మాట, అనుబంధం మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండేలోపు వెళ్లినవాళ్లకి ఎక్కువ మేలు జరిగింది. అందుకే మీ అతిథి చెప్పే ఆశ్రమంలో మూడేళ్లలోపు పిల్లలుంటే, వాళ్లని రాత్రి ఎవరు ఎత్తుకుంటారు, ఆయాలు ఎంత తరచుగా మారతారు అని తప్పక అడగండి.

బైబిల్లోని యాకోబు పత్రిక చూపించి కొందరు పెద్దలు మా సంఘంలో అభ్యంతరం పెట్టారు, దిక్కులేని పిల్లల్ని పరామర్శించమని రాసుంది కదా అని. రాసుంది. అదే వాక్యంలో పక్కనే విధవరాళ్లు కూడా ఉన్నారు. తల్లిని వదిలేసి బిడ్డను మాత్రం మనం పోషిస్తామంటే ఆ వాక్యంలో సగమే చదివినట్టు.

సిస్టర్ గారే ఒక మాటన్నారు. పది మంది పిల్లల్ని వాళ్ల అమ్మమ్మల దగ్గరికి పంపి నెలనెలా ఫీజు, బియ్యం ఇస్తే ఖర్చు ఇంతకంటే తక్కువే అవుతుంది, కానీ అప్పుడు దాతలకి చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు అని. ఇలాంటి మాట ఎవరూ రిపోర్టులో రాయరు. మన ఇంట్లో, మన బల్ల దగ్గర కూర్చున్నప్పుడే బయటికొస్తుంది. అతిథిని హోటల్లో పెట్టకుండా ఇంట్లో ఉంచుకోవడంలో ఉన్న లాభం నాకు అప్పుడు తెలిసింది.

డబ్బు లెక్కలు అడగడం తప్పేం కాదు. యెరూషలేము పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, పోగైన చందా తీసుకెళ్లేటప్పుడు అపొస్తలుడైన పౌలు ఒక్కడే వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు, ఎవరూ తమ మీద తప్పు మోపకూడదని కారణం కూడా రాశాడు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచిన జార్జ్ ముల్లర్ ఎవరినీ చేయి చాచి అడగకుండా ప్రార్థన మీదే నడిపాడని మన ప్రసంగాల్లో తెగ చెబుతారు. ఆయన ఏటేటా వచ్చిందీ పోయిందీ అచ్చువేయించి అందరికీ ఇచ్చాడన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

కాబట్టి ఒకసారి కోశాధికారిని, ఒకరిద్దరు పెద్దల్ని పిలిచి, ఆవిడకి ముందే చెప్పి, కూర్చోండి. ఆశ్రమానికి ఆ దేశ ప్రభుత్వ గుర్తింపు ఉందా, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, చెక్కు మీద ఎంతమంది సంతకం పెట్టాలి, ఆడిట్ ఎవరు చేస్తారు, పిల్లలతో పని చేసేవాళ్ల గురించి ముందే విచారిస్తారా, ఏదైనా జరిగితే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి. సొంత కుటుంబ సభ్యులే బోర్డంతా నిండి ఉంటే అది మాట్లాడాల్సిన విషయం. ఒక్కో దేశంలో ఒక్కో చట్టం. ఉదాహరణకి ఇండియాలోని సంస్థ అయితే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అందుకని ఆవిడ వెళ్లేటప్పుడు చేతిలో కవర్లు పెట్టే అలవాటు మానండి. ప్రేమతోనే ఇస్తారు, కానీ దానికి లెక్క ఉండదు, విమానాశ్రయంలో ఇబ్బంది కూడా ఆవిడకే. ఎవరు ఇవ్వాలన్నా కోశాధికారి ద్వారానే అని ఆమె వచ్చిన మొదటి ఆదివారమే పాస్టర్ గారితో చెప్పించండి. ఆవిడే ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి డబ్బు అడిగారన్న మాట రాకుండా ఉంటుంది.

సాక్ష్యం చెప్పించేటప్పుడు ఒక జాగ్రత్త. స్క్రీన్ మీద బిడ్డ మొహం, పేరు, వాళ్ల అమ్మకి ఏం జరిగిందన్న కథ, మూడూ కలిపి పెట్టనివ్వకండి. ఆ వీడియో యూట్యూబ్‌లో పడుతుంది, పదేళ్లకి ఆ పిల్లాడే చూస్తాడు. మన సండే స్కూల్ పిల్లల ఇంటి గొడవలు ఇలా వేదికెక్కిస్తే మనం ఊరుకుంటామా? మా దగ్గర ఒకరిద్దరు కాస్త నిరాశపడ్డారు, ఏడిపించే సాక్ష్యం అనుకుని వచ్చారు మరి.

ఆవిడ వెళ్లాక మా సంఘం చేసిందేమిటంటే, పంపే మొత్తం తగ్గించలేదు, షరతు మార్చింది. కొంత భాగం ఇంటికి వెళ్లగలిగిన పిల్లల ఫీజులకి, వాళ్ల ఇళ్లకి వెళ్లి చూసొచ్చే ఒక సోషల్ వర్కర్ జీతానికి. మిగతాది మునుపటిలాగే ఆశ్రమానికి. ఒక్కసారిగా ఆపేయమన్నవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే దెబ్బ తినేది పిల్లలే. రువాండా 2012 నుంచి ఆశ్రమాల పిల్లల్ని కుటుంబాలకి చేరుస్తూ వచ్చిందంటే, దాని వెనుక శిక్షణ పొందిన సోషల్ వర్కర్లూ సైకాలజిస్టులూ ఉన్నారు. ఇంటికి పంపి వదిలేస్తే కుదరదు, ఆ ఇల్లు ఎలా ఉందో తర్వాత కూడా ఎవరో చూడాలి. మా దగ్గర ఇది ఇంకా నడుస్తోంది. కొందరు పిల్లలు సెలవులకి మాత్రమే ఇంటికి వెళ్తున్నారు, ఇద్దరు ముగ్గురి విషయంలో ఇల్లు క్షేమం కాదని సిస్టర్ గారే వద్దన్నారు, మేమూ సరేనన్నాం.

చివరిగా సామాను. ప్రయాణం దగ్గరపడేకొద్దీ సంచులు వస్తూనే ఉంటాయి, పాత బట్టలు, బొమ్మలు, సగం వాడిన రంగు పెన్సిళ్లు. ఏం కావాలో ఆవిణ్ణే అడగండి. మా సిస్టర్ గారు అడిగింది వంటావిడకి చత్వారం కళ్లజోడు, ఇంకో రెండు జతలు పిల్లల అమ్మమ్మలకి. అవి పెట్టి, పెట్టె తూకం వేసి, మిగిలిన సంచులు ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశాం. ఒకావిడ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.