మూడు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్‌కి మొదటిసారి వెళ్తున్నవాళ్ళకి

ఫ్రెండ్స్‌తో కలిసి మొదటిసారి మూడు రోజుల ఓపెన్ ఎయిర్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్తున్నామని, రాత్రుళ్ళు అక్కడే టెంట్‌లో ఉంటామని రాశారు. ఏం సర్దుకోవాలో, ఒక్క బ్యాండ్ కూడా మిస్ కాకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పమన్నారు. రెండోదానికి ముందు జవాబిస్తాను: మిస్ అవుతారు. నాలుగైదు స్టేజీలు ఒకేసారి నడుస్తుంటాయి, మీకు నచ్చిన ఇద్దరు సరిగ్గా ఒకే టైముకి పాడతారు, జనంలోంచి ఒక స్టేజీ నుంచి ఇంకోదానికి చేరేసరికి సగం పాటలు అయిపోతాయి. రోజుకి ఇద్దరో ముగ్గురో, వీళ్ళని వినకపోతే వచ్చి దండగ అనుకునేవాళ్ళని మాత్రం ముందే ఖాయం చేసుకోండి. మిగతా టైమంతా ఖాళీగా వదిలేయండి. టైమ్‌టేబుల్ మీద రంగురంగుల గీతలు కొట్టుకుని వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. రెండో రోజు సాయంత్రానికి ఆ కాగితం ఏ జేబులో ఉందో వాళ్ళకే తెలియదు.

ఖాళీగా వదిలేయమన్నది ఊరికే కాదు. మధ్యాహ్నం పూట చిన్న స్టేజీల దగ్గర దొరికేది పెద్ద స్టేజీ దగ్గర దొరకదు. ఒకసారి ఎండకి తట్టుకోలేక, నీడ ఉంటే చాలని ఒక చిన్న స్టేజీ గుడారంలో దూరాను. లోపల పట్టుమని ముప్పై మంది లేరు. డ్రమ్స్ వాయించే అమ్మాయి స్టూల్ మాటిమాటికీ వెనక్కి జారిపోతోంది. చేతులు ఆపకుండానే మడమతో దాన్ని ముందుకి లాక్కుంటోంది, తాళం మాత్రం వెంట్రుకవాసి తప్పడం లేదు. పెద్ద స్టేజీ దగ్గరైతే ఇది స్క్రీన్ మీద కూడా కనిపించదు. ఆ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయిన బ్యాండ్ అదే, పోస్టర్‌లో వాళ్ళ పేరు ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

సామాను సంగతికి వచ్చే ముందు ఒక్క మాట. మూడో రోజు ఎలా ఉంటారన్నది చాలావరకు మొదటి రోజే తేలిపోతుంది. గేటు దాటగానే పూనకం వచ్చినట్టు తెల్లవార్లూ ఎగిరినవాళ్ళు చివరి రోజు, అసలు చూడాలనుకున్న ఆర్టిస్ట్ పాడుతుంటే, టెంట్‌లో పడి నిద్రపోతుంటారు. మొదటి రోజు వెలుతురు ఉండగానే టెంట్ వేసుకుని, ఆవరణ మొత్తం ఒక చుట్టు చుట్టి రండి. నీళ్ళ కుళాయిలు, టాయిలెట్లు, ఫస్ట్ ఎయిడ్, బయటికి వెళ్ళే దారులు ఎక్కడెక్కడున్నాయో చూసుకోండి. చీకటి పడ్డాక అన్ని దారులూ ఒకేలా ఉంటాయి, అన్ని టెంట్లూ మీదే అనిపిస్తాయి. ఆ రాత్రి కాస్త ముందే పడుకుంటే పోయేదేమీ లేదు.

టెంట్ కొత్తదైతే ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి. గాలిలో, చీకట్లో, ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని మొదటిసారి వేయడం నరకం. వాలుగా ఉన్న నేలైతే అడుగు భాగం వదిలేసి కాస్త ఎత్తులో చోటు పట్టుకోండి. నడిచే దారి పక్కన వద్దు, రాత్రంతా ఎవరో ఒకరు మీ తాళ్ళకి తట్టుకుని పడుతూనే ఉంటారు. పొద్దున తూర్పు నుంచి ఎండ తగలకుండా చెట్టో, ఏదో నీడో ఉంటే అదృష్టం, లేకపోతే ఎనిమిది కాకముందే టెంట్ పొయ్యి మీద పెట్టినట్టు ఉడుకుతుంది. టెంట్ కింద పరిచే షీట్ అంచులు బయటికి కనబడకుండా లోపలికి మడవండి. ఒకసారి మా పక్క టెంట్‌వాళ్ళ షీట్ చుట్టూ జానెడు బయటికి వచ్చి ఉంది. రాత్రి వాన పడితే టెంట్ మీంచి జారిన నీళ్ళన్నీ ఆ షీట్ మీద పడి, అటునుంచి టెంట్ కిందికి పాకాయి. పాపం తెల్లారేదాకా బ్యాగుల మీద కూర్చున్నారు. బట్టలన్నీ పెద్ద ప్లాస్టిక్ కవర్లో వేసి ఆ తర్వాత బ్యాగులో పెట్టుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. ఇంకోటి, ఎంత చలైనా టెంట్ లోపల స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

వాన పడితే టైమ్‌టేబుల్ కూడా నమ్మకండి. 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ మ్యూజిక్ ఫెస్టివల్ ఆదివారంతో ముగియాల్సింది. ఆలస్యాలు, వాన కలిసి గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ స్టేజీ ఎక్కేసరికి సోమవారం పొద్దున అయింది, అప్పటికి జనంలో చాలామంది వెళ్ళిపోయారు.

ఇక చాలామంది అసలు పట్టించుకోనిది, నేను మాత్రం మరీ మరీ చెప్పేది, చెవుల గురించి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు భరించవచ్చని, అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగానికి తగ్గుతుందని ఉద్యోగ భద్రత నిపుణులు వాడే ఒక లెక్క ఉంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. స్పీకర్ల దగ్గర 100 దాటడం మామూలే. మూడు రోజులు పొద్దున్నుంచి అర్ధరాత్రిదాకా అంటే మీరే ఆలోచించండి. రాత్రి చెవుల్లో గుయ్‌మంటుంటే అది సరదా పడిన గుర్తు కాదు, దెబ్బ తగిలిన గుర్తు. మ్యూజిషియన్లు వాడే రకం ఇయర్ ప్లగ్స్ తీసుకుంటే పాట మసకబారదు, శబ్దం మాత్రమే తగ్గుతుంది. మామూలు ఫోమ్‌వైనా పరవాలేదు, నిద్రకి అవే మేలు. కానీ ఫోమ్ ప్లగ్‌ని చెవి బయట ఇరికిస్తే లాభం లేదు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా వేలితో ఆపి పట్టుకోవాలి. అర నిమిషం పని.

ముందు వరసలో నిలబడితేనే మజా అనుకోకండి. సౌండ్ ఇంజినీర్ కూర్చునే మిక్సింగ్ డెస్క్ స్టేజీకి ఎదురుగా, జనం మధ్యలో ఉంటుంది. ఆయన తన చెవికి బాగున్నట్టు కలుపుతాడు కాబట్టి దాని చుట్టుపక్కలే సౌండ్ బాగుంటుంది. కాస్త పక్కకి నిలబడితే ఊపిరాడుతుంది కూడా.

నీళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెం తాగుతూ ఉండండి, చెమట బాగా పడితే ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోండి. సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి పూసుకుంటే సరిపోదు, రెండు గంటలకోసారి పూసుకోవాలి. బూట్లు కొత్తవి వద్దు, ఇప్పటికే కాలికి అలవాటైనవే వేసుకోండి. సాక్స్ ఎన్ని పట్టుకెళ్ళినా తక్కువే. తల మీద పెట్టుకునే టార్చి, టాయిలెట్ పేపర్ మర్చిపోకండి. శానిటైజర్ ఉందికదా అని ధీమా వద్దు, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే.

ఫోన్‌కి సిగ్నల్ ఉన్నట్టే చూపిస్తుంది, జనం ఎక్కువైతే మెసేజ్ మాత్రం కదలదు. ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు కూడా మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది. అసలు దాన్నీ నమ్ముకోకుండా, కదలని చోటు ఒకటి అనుకోండి. విడిపోతే ప్రతి గంటకీ మొదటి పది నిమిషాలు అక్కడే ఉండాలి అని మాట అనుకుంటే టెన్షన్ ఉండదు. స్టేజీ దగ్గర అనుకోవద్దు, అక్కడ మనిషికి మనిషి కనపడడు.

జనం గురించి ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. చదరపు మీటరుకి ఐదుగురు దాటాక గుంపు తనంతట తాను ఊగడం మొదలవుతుంది. చేయి ఎత్తి ముఖం తుడుచుకోలేకపోతున్నారంటే, మీరు అడుగు వేయకుండానే పక్కకి జరిగిపోతున్నారంటే, పాట ఎంత నచ్చినా బయటపడాల్సిందే. ఎదురు తోయకండి. చేతులు రొమ్ము ముందు మడిచి పెట్టుకుని ఊపిరికి చోటుంచుకోండి. ఊపు ఆగిన ప్రతిసారీ ఏటవాలుగా అంచు వైపు రెండడుగులు వేయండి. ఫోన్ కింద పడితే పడనివ్వండి, వంగకండి. ఇనుప బారికేడ్లకీ గోడకీ దూరంగా ఉండండి.

చివరి రాత్రి అందరూ ఒకేసారి గేటు మీద పడతారు. బండి నడిపేవాడికి నిద్ర లేకపోతే ఆ రాత్రి కూడా టెంట్‌లోనే పడుకుని పొద్దున బయల్దేరండి, దానికి అనుమతి ఉందో లేదో టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. టెంట్ తడిగా మడిచి తెస్తే ఇంటికొచ్చిన రోజే విప్పి ఆరేయండి, అలాగే వదిలేస్తే మడతల్లో బూజు పట్టేస్తుంది.