కారు కిందికి దించితే మిగిలేదెంత?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 38,000 చేతికి వస్తాయి. రెండేళ్ల క్రితం 2018 మోడల్ స్విఫ్ట్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పటికి 82,000 కిలోమీటర్లు తిరిగింది. లోన్ ఈఎంఐ 7,400, ఇంకా 14 నెలలు కట్టాలి. బ్యాంకులో 40,000 ఉన్నాయి. కారు మలుపుల్లో బాగా ఊగుతోంది, చూడ్డానికి కూడా ఎత్తుగా ఉంది. 35 మిల్లీమీటర్లు కిందికి దించే లోయరింగ్ స్ప్రింగ్స్ 19,000కు వస్తున్నాయి. బిగించడానికి ఆటోనగర్‌లో 6,000 అడిగారు. అవి మిగుల్చుకుందామని నేనూ, మా ఫ్రెండూ ఒక ఆదివారం సొంతంగా బిగించుకోవాలనుకుంటున్నాం. స్ప్రింగ్స్ క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐలో తీసుకోవచ్చా? వారం వారం నూజివీడు దగ్గర మా ఊరికి ఇదే కారులో వెళ్తాను.

జవాబు: మీరు అడిగింది ఈఎంఐ గురించి. నా కళ్లు మాత్రం ‘మలుపుల్లో బాగా ఊగుతోంది’ అన్న మాట దగ్గర ఆగాయి. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు లెక్క చూద్దాం.

కార్డు మీద 16 శాతం వడ్డీ అనుకుంటే 19,000కు నెలకు దాదాపు 1,724 కట్టాలి. ఏడాదికి వడ్డీ 1,690 దాకా అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 300. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అన్నీ కలిపితే రెండు వేలు దాటుతుంది. ఇక పనిముట్లు. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే కంప్రెసర్, రెండు జాకీ స్టాండ్లు, బోల్టును సరిగ్గా కావలసినంతే బిగించే టార్క్ రెంచ్ ఒకటి కావాలి. చవకలో చూసుకున్నా ఆరేడు వేలు అవుతాయి. కూలిలో మిగులుతాయనుకున్న 6,000 అక్కడే అయిపోయాయి.

అసలు ఖర్చు అంతటితో ఆగదు. 82,000 కిలోమీటర్లు తిరిగిన షాక్ అబ్జార్బర్లకు పొట్టి, గట్టి స్ప్రింగ్ తగిలిస్తే, అరిగిన వాటి మీద ఇంకా భారం వేసినట్టే. లోపలి రాడ్ కదిలే దూరం తగ్గిపోతుంది, ప్రతి గుంతకూ రబ్బరు స్టాపర్‌కు కొట్టుకుంటుంది. కొద్ది నెలల్లో అవీ మార్చాల్సి వస్తుంది. నాలుగు షాక్ అబ్జార్బర్లు, పై మౌంట్లు కలిపి ఓ పది వేలు వేసుకోండి. వీల్ అలైన్‌మెంట్‌కు ఇంకో వెయ్యి. అంతా కూడితే 38,000 దాటుతోంది. అంటే మీ ఒక నెల జీతం. 19,000 అనుకుని దిగిన పని ఇది.

ఆ వెయ్యి రూపాయల అలైన్‌మెంట్ గురించి ఒక మాట చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా దగ్గర సలహా తీసుకునే ఒక కుర్రాడు ఇలాగే తన చిన్న కారును ఇంటి దగ్గర సొంతంగా కిందికి దించాడు. పని శుభ్రంగానే చేశాడు, అలైన్‌మెంట్ మాత్రం తర్వాత చూద్దాంలే అని వదిలేశాడు. కారు కిందికి దిగితే ముందు చక్రాల వాలు మారుతుంది, అవి చూసే దిశ కూడా కాస్త పక్కకు తిరుగుతుంది. బయటి నుంచి టైర్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పమని చెప్పి, నేను కింద కూర్చుని లోపలి అంచు మీద వేలితో రాశాను. రబ్బరు బదులు సన్నటి ఇనుప తీగ గుచ్చుకుంది. అదే టైర్లతో ముందు రోజు రాత్రి హైవే మీద భార్యనూ, పసిబిడ్డనూ కూర్చోబెట్టుకుని వచ్చాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

రోడ్డు సంగతికి వద్దాం. మీ స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ, 163 మిల్లీమీటర్లు. 35 తీసేస్తే 128. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలాంటిది మన కాలనీల్లో ఎన్ని చూశారు? ఊరి మొదట్లో ఎవరో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన నిటారు గట్టు ఒక్కటి చాలు. ఎండాకాలం ఊరి నుంచి మామిడిపళ్ల పెట్టెలు డిక్కీలో వేసుకుని, నలుగురు ఎక్కి బయల్దేరితే ఆ 128 కూడా ఉండదు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌కు దెబ్బ తగిలి ఆయిల్ కారిపోతే, చూసుకోకుండా నాలుగు కిలోమీటర్లు నడిపితే ఇంజిన్ సీజ్ అవుతుంది. ఛాంబర్‌కు తగిలిన దెబ్బ మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో వస్తుంది. ఆయిల్ లేకుండా నడపడం వల్ల ఇంజిన్ పోతే, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేనివాళ్లకు సాధారణంగా రాదు. ఛాంబర్ కోసం క్లెయిమ్ చేసినా నో క్లెయిమ్ బోనస్‌కు దెబ్బే. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా పెరిగే తగ్గింపు అది.

చట్టం విషయంలో నేను మెత్తగా చెప్పలేను. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా సస్పెన్షన్ మార్చి, రేపు ప్రమాదం జరిగి సర్వేయర్ కారు కిందికి వంగి చూస్తే, క్లెయిమ్ కాదనడానికి కారణం మనమే చేతిలో పెట్టినట్టు. కారు ఇంకా బ్యాంకు హైపోతికేషన్‌లోనే, అంటే లోన్‌కు తాకట్టులోనే ఉంది. క్లెయిమ్ రాకపోయినా ఆ 14 ఈఎంఐలు ఆగవు కదా.

అందుకే నా సమాధానం: లోయరింగ్ స్ప్రింగ్స్ వద్దు. అప్పు చేసి అసలే వద్దు. స్ప్రింగ్ కట్ చేయించి కారు దించేస్తామని ఎవరైనా వెయ్యి, రెండు వేలకు చెబితే అక్కడ నిలబడకుండా వచ్చేయండి. కోసిన స్ప్రింగ్ తన సీటులో సరిగ్గా కూర్చోదు, నడుస్తుండగా జారితే స్టీరింగ్ మీ మాట వినదు.

ఇప్పుడు ఆ ఊపు గురించి. కారు ఎత్తు మీరు కొన్నప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే, మారింది షాక్ అబ్జార్బర్లు. బానెట్ మూలను రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి వెంటనే ఆగాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే ఆ వైపు షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టే. వంగి చూస్తే దాని ఒంటి మీద ఆయిల్ తడి, దానికి అంటిన దుమ్ము కనిపిస్తాయి. కంపెనీ స్పెసిఫికేషన్‌లోవే కొత్తవి వేస్తే కారు మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. ఇందులో మార్పు లేదు కాబట్టి చట్టంతో పేచీ లేదు, బీమాతో టెన్షన్ లేదు.

మీ ఆదివారం కూడా వృథా కాదు. సొంత చేతులతో పని చేయాలన్న మీ ఆశ నాకు నచ్చింది, దాన్ని వదులుకోవద్దు. విప్పడం, బిగించడం దాదాపు అదే పని. ఖర్చు తగ్గించే దారి ఒకటి ఉంది. ముందు చక్రాల దగ్గర షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఒకే భాగంగా ఉంటాయి, దాన్నే స్ట్రట్ అంటారు. దాన్ని స్ప్రింగ్‌తో సహా ఊడదీసి ఆటోనగర్‌కు పట్టుకెళ్లండి. షాపులో ప్రెస్ మీద పాత స్ప్రింగ్‌ను కొత్త షాక్ అబ్జార్బర్‌కు ఎక్కించి ఇస్తారు, కారు మొత్తం అప్పజెబితే అడిగే కూలితో పోలిస్తే చాలా తక్కువ. కంప్రెసర్ కొనక్కర్లేదు, ఆ పనిలో ఉన్న ప్రాణాపాయం కూడా మీ దాకా రాదు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషి ముఖం నిలవదు. స్ప్రింగ్‌ను నొక్కి పట్టి ఉంచే నట్ ఏదో, స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచేది ఏదో ముందే మెకానిక్‌తో చూపించుకోండి. స్ట్రట్‌కు తగిలించి ఉన్న బ్రేక్ పైపును, బ్రేకుల ఏబీఎస్ వైరును దాని మీద నుంచి తప్పించకుండా స్ట్రట్‌ను లాగకండి. కింది రెండు బోల్టుల దగ్గర పెయింటుతో గీత పెట్టుకుంటే తిరిగి అదే చోట కూర్చుంటాయి. కారు ఎత్తేది జాకీ, మోసేది జాకీ స్టాండు. ఒక్క జాకీని నమ్మి కిందకు దూరకండి. వెనక షాక్ అబ్జార్బర్ కింది బోల్టును చక్రాలు నేల మీద ఆనాకే పూర్తిగా బిగించండి, లేకపోతే బుష్ రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

డబ్బు ఇలా సర్దండి. బ్యాంకులోని 40,000 ముట్టుకోవద్దు, అది మీకు ఒక నెల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. నేనైతే దాన్ని మూడు నెలల ఖర్చు దాకా పెంచమంటాను. జాకీ స్టాండ్లు, టార్క్ రెంచ్ మీ ఫ్రెండ్‌తో సగం సగం కొనండి. మొదటి రెండు నెలల జీతాల్లోంచి ముందు జత, ఆ తర్వాత వెనక జత. ఒకవైపు ఒకటే మార్చడం వద్దు. 14 నెలలయ్యాక లోన్ తీరగానే బ్యాంకు నుంచి బాకీ లేదని చెప్పే ఎన్‌వోసీ, తాకట్టు తీసేయడానికి కావలసిన ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో హైపోతికేషన్ తీయించండి. అప్పుడు మిగిలే 7,400లో ఐదు వేలు పొదుపులోకి, మిగతాది కారు సరదాలకు అనుకోండి. ఆ సరదాకు నేను అడ్డు చెప్పను.

స్ట్రట్ విప్పించినప్పుడు పాత షాక్ అబ్జార్బర్ అక్కడే వదిలేయకండి. రాడ్‌ను చేత్తో కిందికి నొక్కి చూడండి, పక్కనే కొత్తదాన్నీ నొక్కి చూడండి. మలుపుల్లో ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో మీ అరచేతికే తెలుస్తుంది. సోమవారం ఆఫీసుకు వెళ్లే ముందే అలైన్‌మెంట్ చేయించండి.