గాలి పట్టించినా మళ్లీ అదే లైటు

ప్రశ్న: మా కారులో టైరు గాలి హెచ్చరిక లైటు పది రోజులకోసారి వెలుగుతోంది, అదీ ఎక్కువగా పొద్దున పూట. గాలి పట్టిస్తే ఆరిపోతుంది, మళ్లీ వస్తుంది. టైర్లలో గాలి కొలిచే నాలుగు సెన్సర్లూ మార్చాలంటున్నాడు మెకానిక్. మార్చాలా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: ఇప్పుడే మార్చకండి. గాలి పట్టించగానే లైటు ఆరుతోందంటే సెన్సర్ తన పని తాను చేస్తున్నట్టే. సెన్సరే పాడైతే చాలా కార్లలో లైటు తీరు వేరుగా ఉంటుంది. బండి స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషంన్నర పాటు ఆరుతూ వెలుగుతూ ఉండి, ఆ తర్వాత అలాగే వెలిగి ఉండిపోతుంది.

మీరు గాలి ఎప్పుడు పట్టిస్తున్నారు? మధ్యాహ్నం కాసేపు నడిపాక బంకులో పట్టిస్తే టైరులోని గాలి 50 డిగ్రీల దాకా వేడెక్కి ఉండొచ్చు. అప్పుడు 33 పీఎస్‌ఐ చూపించిన టైరు చలికాలం పొద్దున 12 డిగ్రీల దగ్గర 27, 28కి దిగుతుంది. పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తేడా. ఉండాల్సిన గాలిలో నాలుగో వంతు తగ్గితే, అంటే 25 దగ్గర, లైటు వచ్చే కార్లే ఎక్కువ. ఇక సన్నగా ఎక్కడైనా గాలి దిగుతుంటే చాలు, మిగతాది అదే లాగేస్తుంది. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్‌లోని అంకె చల్లటి టైరుకు చెప్పింది. కాబట్టి బండి తీయకముందే పట్టించాలి.

ఓ గేజ్ కొనుక్కోండి. మూడు రోజులు వరుసగా పొద్దున్నే నాలుగు టైర్లూ కొలిచి రాసుకోండి, మధ్యలో గాలి పట్టించొద్దు. నాలుగూ ఒకేలా అటూ ఇటూ అయితే అది చలి ప్రభావమే. ఒక్కటే రోజురోజుకూ దిగుతుంటే లీకు అక్కడుంది.

ఆ టైరు వాల్వు మూత తీసి, వాల్వు నోటి మీద సబ్బు నురుగు చుక్క వేయండి. బుడగ మెల్లగా ఉబ్బితే లోపలి పిన్ను మార్చాలి. ఇక్కడో జాగ్రత్త: సెన్సర్ బిగించిన వాల్వు కాడ అల్యూమినియందైతే, పంక్చర్ షాపులో దొరికే మామూలు ఇత్తడి పిన్ను వేయనివ్వొద్దు, నికెల్ పూత ఉన్నదే అడగండి. ఇత్తడిది తుప్పుతో లోపలే పట్టేస్తుంది, తీయబోతే కాడే విరుగుతుంది. ఇనుప, ఇత్తడి మూతలదీ ఇదే గొడవ. ప్లాస్టిక్ మూతే మేలు.

నోటి దగ్గర బుడగ లేకపోతే వాల్వు మొదట్లో నురుగు వేసి కాడను కాస్త పక్కకు నొక్కి చూడండి. అక్కడొస్తే రబ్బరు వాషర్ గట్టిపడింది. ఐదేళ్ల కారులో ఇది మామూలే. వాషర్, నట్టు, పిన్ను, మూత కలిపి కిట్‌గా దొరుకుతాయి. సెన్సర్ అలాగే ఉంటుంది. ఆ తర్వాత టైరంతా మేకు కోసం వెతకండి. చివరిగా అల్లాయ్ రిమ్ము అంచు, లోపలి వైపు కూడా. టైరు కూర్చునే చోట తెల్లటి పొడిలా పేరుకుంటే టైరు విప్పి రుద్దించాలి.

పంక్చర్ లిక్విడ్ మాత్రం పోయించొద్దు. అది సెన్సర్ సన్న రంధ్రంలో గట్టిపడితే రీడింగ్ తప్పుతుంది, అప్పుడు మెకానిక్ మాటే నిజమవుతుంది.

ప్రశ్న: కొత్త టైర్లు వేయించిన దగ్గర్నుంచీ డాష్‌బోర్డులో ఒక చక్రం దగ్గర గాలి అంకె బదులు గీతలు చూపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: టైరు విప్పేటప్పుడు మెషీన్ పట్టు తగిలి సెన్సర్ విరిగి ఉంటుంది, లేదా లోపలి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. బ్యాటరీ వయసు ఐదు నుంచి పదేళ్లు, పైగా సీలు వేసి ఉంటుంది కాబట్టి సెన్సర్ మొత్తం మార్చాల్సిందే. ఆ ఒక్కటే మార్పించి, దాని నంబరు కారు కంప్యూటర్‌కు నేర్పించమనండి. అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే వద్దనండి. అక్కడి చాలా కార్ల సెన్సర్లు 315 మెగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్ పంపుతాయి, మనవి 433, రెంటికీ కలవదు.