మతిమరుపు జబ్బును మామూలు డాక్టరు పట్టుకోగలరా?
పట్టుకోగలరు. "వయసు మీద పడింది, మామూలే" అని పంపేయడమే అసలు చిక్కు. మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడగడం, గడియారం బొమ్మ గీయించడం: మినీ-కాగ్ పరీక్ష అంటే ఇంతే, మూడు నిమిషాల పని. అయితే పలక పట్టని పెద్దావిడ చేత గడియారం గీయించి మార్కులు తగ్గిస్తే అది చదువుకు పెట్టిన పరీక్షే అవుతుంది! అప్పుడు ఇంట్లోవాళ్లను అడగడం మేలు: చిల్లర లెక్క తప్పుతున్నారా? కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారా? తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నారా?

మతిమరుపుకు వేరే కారణం ఉందేమో తేల్చుకోవడానికి బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. దిగులు, చెవుడు ఉన్నాయేమో చూడాలి. మందుల సంచి మొత్తం తెప్పించి చూడాలి, ఎందుకంటే నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు కూడా మతిని మందగింపజేస్తాయి. గంటల్లో, రోజుల్లో మొదలైన అయోమయమైతే డెలీరియం (ఉన్నట్టుండి మతి చెదిరే స్థితి) కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పంపాలి.