పేరా ఏం చెబుతోంది, ఏం చేస్తోంది?

ప్రశ్న: నేను గ్రూప్-2 పరీక్షకు సిద్ధమవుతున్నాను. రోజూ రెండు దినపత్రికల సంపాదకీయాలు చదివి, ముఖ్యమనిపించిన ప్రతి వాక్యం కిందా గీత గీస్తాను. చివరికి చూసుకుంటే సగం పేజీ గీతలతోనే నిండిపోతోంది. పత్రిక మూసేశాక రచయిత ఏమన్నారో రెండు ముక్కల్లో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోతున్నాను. లోపం నా జ్ఞాపకశక్తిలో ఉందా, చదివే పద్ధతిలో ఉందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ జ్ఞాపకశక్తిని అనుమానించవలసిన పని లేదు. మీరు గీతలు గీస్తున్నది సమాచారం కింద. ఆ సమాచారాన్ని రచయిత ఏ పని కోసం అక్కడ పెట్టారన్నది గీతకు అందే విషయం కాదు. ధవళేశ్వరం ఆనకట్టను ఉదాహరణగా తీసుకుందాం. దాని గురించి ఒకరు ఇలా రాశారనుకోండి: “1832-33లో నందన కరువు వచ్చింది. 1839లో కోరంగి తీరాన్ని తుపాను ముంచెత్తింది. 1844లో ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్ట కట్టాలని నివేదిక ఇచ్చారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది.” మరొకరు ఇలా రాశారనుకోండి: “గోదావరి డెల్టాకు నీటి కొరత ఏనాడూ లేదు, ఏటా వరద నీరంతా వృథాగా సముద్రంలో కలిసేది. కొరత ఉన్నదల్లా ఆ నీటిని నిలబెట్టి కాలువలకు మళ్లించే ఏర్పాటుకే. నందన కరువు వంటి విపత్తులు ఆ లోటును బయటపెట్టాయి. కాటన్ 1844లో సూచించిన ఆనకట్ట దానిని పూడ్చడానికి ఉద్దేశించినది.”

రెండింటిలోనూ మీరు గీత గీసే మాటలు ఇంచుమించు ఒకటే: కరువు, కాటన్, 1844, ఆనకట్ట. కాని రెండు పేరాలూ చేస్తున్న పని ఒకటి కాదు. మొదటిది జరిగినవాటిని జరిగిన వరుసలో పేర్చింది, అంతే. కరువు వచ్చింది కాబట్టి ఆనకట్ట కట్టారని అది ఎక్కడా అనలేదు. ఆ ‘కాబట్టి’ని చదివేవారే తమంతట తాము చేర్చుకుంటారు. రెండోది ఒక లోటును ఎత్తిచూపి, దానికి విరుగుడుగా ఆనకట్టను తెచ్చింది. అందులోంచి సంవత్సరాలు తీసేసినా వాదం చెక్కుచెదరదు. మొదటిదానిలోంచి తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. ‘డెల్టాకు ఆనకట్ట ఎందుకు అవసరమైందని రచయిత అభిప్రాయం?’ అని పరీక్షలో అడిగారనుకోండి. రెండో పేరా చదివినవారికి జవాబు చేతికందుతుంది. మొదటి పేరా ఇచ్చి అదే ప్రశ్న అడిగితే, ‘పేరాలో చెప్పలేదు’ అన్నదే సరైన జవాబు. చాలామంది మార్కు పోగొట్టుకునేది అక్కడే.

కాబట్టి కొన్నాళ్లపాటు గీతలు మానేయండి. ప్రతి పేరా పూర్తికాగానే పక్కనున్న ఖాళీలో పెన్సిలుతో, ఆ పేరా ఏం చేస్తోందో ఒక్క ముక్కలో రాయండి: ‘ఫిర్యాదు చేస్తోంది’, ‘కారణం చెబుతోంది’, ‘ఎదుటివారి మాట వినిపిస్తోంది’, ‘దాన్ని కొట్టేస్తోంది’, ‘ఉపాయం చెబుతోంది’. వ్యాసం అయ్యాక ఆ ఐదారు ముక్కలను మాత్రమే పైనుంచి కిందికి చదువుకోండి. రచయిత మిమ్మల్ని ఎటునుంచి ఎటు నడిపించారో కనబడుతుంది, మీరడిగిన రెండు ముక్కలూ అందులోంచే వస్తాయి.

తెలుగులో ఈ పనికి అదనంగా ఒక జాగ్రత్త కావాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఫలానావారి మాట అని తెలిపే ‘అని’ కూడా సాధారణంగా ఆ మాటంతా అయిపోయాకే వస్తుంది. ఈ వాక్యం చూడండి: “నీటి తీరువా పెంచితే తప్ప కాలువల మరమ్మతులకు డబ్బు రాదని, ఊరికే వచ్చిన నీటికి విలువ ఉండదని, పైసా కట్టని రైతు నీటిని పొదుపుగా వాడడని వాదించేవారు డెల్టా శివారు భూముల దుస్థితిని ఒక్కసారైనా చూసి ఉండరు.” ముప్పాతిక వాక్యం వరకూ రచయిత తీరువా పెంచమంటున్నారనే అనిపిస్తుంది. ‘వాదించేవారు’ అన్న మాట దగ్గర అదంతా ఎదుటివారి పక్షమని తెలుస్తుంది. చివరి క్రియ దగ్గర రచయిత దానికి వ్యతిరేకి అని తేలుతుంది. మీ గీత మాత్రం ఈపాటికి మొదటి మూడు ముక్కల కిందా పడిపోయి ఉంటుంది! సంపాదకీయాలలో ఇటువంటి వాక్యాలు కొల్లలు. అందుచేత వాక్యం చివరిదాకా వెళ్లనిదే పెన్సిలు ఎత్తకండి.

రచయితలు పేరాలను అతికే చిన్న మాటల విషయం కూడా ఇదే సందర్భంలో చెప్పాలి. ‘కాబట్టి’, ‘అందువల్ల’, ‘అయినప్పటికీ’ వంటివి నమ్మదగినవి. అవి చెప్పే సంబంధమే అక్కడ ఉంటుంది. ‘అయితే’ అలా కాదు. పేరా మొదట్లో వస్తే అది సాధారణంగా ‘కాని’ అని అర్థం, అంటే అంతకు ముందున్నది రచయిత ఒప్పుకున్న మాటే తప్ప చెప్పదలచుకున్న మాట కాదు. వాక్యం మధ్యలో వస్తే చాలాసార్లు అది షరతు. పత్రికలవారికి ఇష్టమైన ‘-డంతో’ ఇంకా జారుడు మనిషి. “మంత్రి రావడంతో సభ మొదలైంది” అంటే మంత్రి వచ్చినందువల్ల మొదలైందా, వచ్చిన వెంటనే మొదలైందా? కారణాన్నీ వరుసనూ విడదీయకుండా దాటిపోవడానికి అది వీలైన ప్రత్యయం. అది కనబడినప్పుడల్లా ‘వల్ల’ పెట్టి ఒకసారి, ‘తరువాత’ పెట్టి ఒకసారి చదవండి. ఇక ‘ఇదిలా ఉండగా’, ‘కాగా’ అన్నవి వార్తల్లో చాలాసార్లు అతుకులు కూడా కావు; పై సంగతితో ఇకపై పని లేదని చెప్పే మర్యాద మాటలు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సాంఘిక శాస్త్రం పాఠంలో ప్రశ్నలోని మాట ఏ వాక్యంలో ఉందో వెతికి, ఆ వాక్యాన్నే జవాబుగా రాసేస్తుంది. ‘ఎందుకు’ అని మొదలయ్యే ప్రశ్న వస్తే తప్పుతుంది. ఈమధ్య రచనా విధానాలు ఐదు అంటూ బడిలో ఒక పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందాండీ?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: పట్టిక మంచిదేనమ్మా, కంఠస్థం చేయమనడమే బాగాలేదు. వర్ణన, వరుస, కార్యకారణం, సమస్య-పరిష్కారం, పోలిక అన్న ఐదు రకాల విభజనకు ప్రచారం తెచ్చినవారిలో బోనీ మేయర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ముఖ్యురాలు. 1975లో వచ్చిన ఆమె పుస్తకం ఈ విషయం మీదనే. 1980లో ఆమె, మరో ఇద్దరు కలిసి ప్రచురించిన అధ్యయనం కూడా మీ అమ్మాయి వంటి తొమ్మిదో తరగతి పిల్లల మీదే జరిగింది. రచయిత పేర్చిన పద్ధతినే పట్టుకుని చదివిన పిల్లలకు చదివినది ఎక్కువగా గుర్తుందని అందులో తేలింది. పేర్లు వల్లించడం వేరు, పద్ధతిని పట్టుకోవడం వేరు.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. పాఠంలో ఒకటి రెండు పేజీలు జిరాక్సు తీయించి, పేరాలను కత్తిరించి, కలిపేసి, మళ్లీ వరుసలో పెట్టమనండి. ఒక రాజ్యం పుట్టి పెరిగి పతనమైన కథ అయితే సంవత్సరాలు చూసి చకచకా పేర్చేస్తుంది. ఒక ప్రాంతంలోని నేలలు, పంటల వర్ణన అయితే ఏది ముందు పెట్టినా చెల్లుతుందని తనే కనిపెడుతుంది. కారణాలు, ఫలితాలు ఉన్న పాఠం దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగుతుంది. “ఇది ముందు లేకపోతే అది ఎలా వస్తుంది?” అన్న మాట ఆమె నోటినుంచే వచ్చిన రోజున ‘ఎందుకు’ ప్రశ్నకు దారి దొరికినట్టే. పేరు అప్పుడు చెప్పండి. ఒకే పాఠంలో రెండు మూడు పద్ధతులు కలిసి ఉంటే కంగారు పడవద్దు, అది మామూలే. పాఠం మొత్తాన్ని మోస్తున్నది ఏదో తెలిస్తే చాలు.

ప్రశ్న: రచన అమరికను బట్టి రచయిత ఉద్దేశాన్ని పట్టుకోవడం పాశ్చాత్యులు చెబితేనే మనకు తెలిసిందా? మన శాస్త్రాలలో లేదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: లేకేమండీ! ఒక గ్రంథం తాత్పర్యం ఏమిటో తేల్చడానికి మీమాంసకులు, వేదాంతులు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. మొదలూ చివరా ఒకే విషయం మీద నిలిచాయా, మళ్లీ మళ్లీ చెప్పినదేది, మరోచోట దొరకనిది ఏది, దేనికి ప్రయోజనం చెప్పారు, దేనిని పొగిడారు, దేనికి యుక్తి చూపించారు అని అడిగి చూడమన్నారు. ఖమ్మం పాఠకుడికి నేను చెప్పిన ‘ఎదుటివారి పక్షం’ కూడా వీరి పూర్వపక్షమే. మొదట పూర్వపక్షాన్ని బలంగా నిలబెట్టి, ఆ తరువాత సిద్ధాంతంతో దాన్ని తోసిపుచ్చడం మన శాస్త్ర రచనలో పరిపాటి. పూర్వపక్షాన్ని చదివి అదే గ్రంథకర్త మతమని పొరబడే విద్యార్థులు అప్పుడూ ఉండే ఉంటారు.

ఆరింటిలోనూ నేటి చదువరికి ఎక్కువగా పనికొచ్చేది అర్థవాదమని నా అభిప్రాయం. స్తుతి గాని నింద గాని, చెప్పే విషయం మీద మనసు నిలపడానికి చేర్చిన మాటే తప్ప అదే విషయం కాదు. వ్యాసం మొదట్లో కన్నీళ్లు తెప్పించే ఒక కుటుంబం కథ వస్తే మనకు కథే గుర్తుండిపోతుంది, అది దేనికోసం వచ్చిందో మరిచిపోతాం. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. ఈ గుర్తులు వాదం నడిపే రచనకు సరిపోయినట్టుగా దినపత్రిక వార్తకు సరిపోవు. వార్తలో అసలు సంగతి మొదటి పేరాలోనే ఉంటుంది. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో ముందుగా కోసేది చివరి పేరాలనే. కనుక అక్కడ ఉపసంహారం కోసం వెతికితే దొరకదు.