స్టూడియో ఇవ్వమని అడిగే ముందు

ఈసారి ఉత్తరాలన్నీ స్టూడియో రెసిడెన్సీల గురించే. ఒక సంస్థ కళాకారుణ్ణి పిలిచి, కొన్ని వారాలో నెలలో ఉండడానికి చోటు, పని చేసుకోవడానికి స్టూడియో ఇవ్వడమే రెసిడెన్సీ. దరఖాస్తు పెట్టేవాళ్లు ఎక్కువ, గదులు తక్కువ. అందుకే ప్రశ్నలు కూడా ఎక్కువే వచ్చాయి.

ప్రశ్న: నేను నూనె రంగులతో పెద్ద కాన్వాసులు వేస్తాను. రెండేళ్లలో ఆరు రెసిడెన్సీలకు దరఖాస్తు పెట్టాను, ఒక్కటీ రాలేదు. చిత్రాలు బాగున్నాయనే అందరూ అంటున్నారు. మరి లోపం ఎక్కడ?

జవాబు: ఆరింటికీ ఒకే ప్రతిపాదన పంపారా? అయితే ముందు అక్కడ వెతకండి. పేరు ఒకటే గానీ రెసిడెన్సీల స్వభావాలు వేరు. అమెరికాలో 1907లో మొదలైన మెక్‌డొవెల్ లాంటి చోట ఏకాంతం ఇస్తారు. మధ్యాహ్న భోజనం కూడా స్టూడియో గుమ్మం దగ్గర పెట్టి వెళ్తారు. అదే దేశంలో 1946లో పుట్టిన స్కౌహీగన్ తొమ్మిది వారాల వేసవి బడి లాంటిది, అక్కడ తోటి కళాకారులతో కలిసి ఉండడమే అసలు పని. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌అకాడమీలో నెలలు కాదు, ఏళ్ల లెక్కన పని చేస్తారు. నెదర్లాండ్స్‌లోనే ఉన్న యూరోపియన్ సిరామిక్ వర్క్‌సెంటర్‌కు బట్టీలు, మట్టి తెలిసిన సాంకేతిక నిపుణులే బలం. బెల్జియంలోని ఫ్రాన్స్ మాసెరీల్ సెంట్రమ్ ప్రింట్‌మేకింగ్ (రేకు, చెక్క లాంటివాటి మీద బొమ్మ చేసి కాగితం మీద ముద్రించే కళ) కోసమే ఉంది. ఏకాంతం ఇచ్చే చోటుకు 'స్థానికులతో వర్క్‌షాప్ చేస్తాను' అని రాసినా, బట్టీలున్న చోటుకు 'ప్రశాంతంగా బొమ్మలేసుకుంటాను' అని రాసినా, జ్యూరీకి, అంటే ఎంపిక చేసే బృందానికి, ఒకటే అర్థమవుతుంది: ఈ మనిషి మా ప్రకటన చదవలేదు.

కాబట్టి ఓపెన్ కాల్‌ను, అంటే దరఖాస్తులు పిలిచే ఆ ప్రకటనను, పెన్ను పట్టుకుని రెండుసార్లు చదవండి. మొదటిసారి వాళ్లు ఇచ్చేవాటి కింద గీత గీయండి: గది కొలత, పరికరాలు, స్టైపెండ్ (ఖర్చులకు ఇచ్చే భత్యం), ఉండే చోటు, ప్రయాణ ఖర్చు. రెండోసారి వాళ్లు అడిగేవాటి కింద గీయండి: ఓపెన్ స్టూడియో (మీ గదిని సందర్శకులకు తెరిచి పని చూపించడం), ప్రసంగం, ఒక కృతిని వదిలి వెళ్లడం. మీ పనికి కావలసింది మొదటి జాబితాలో లేకపోతే దరఖాస్తే వద్దు. మీవి పెద్ద కాన్వాసులు కదా, గోడ ఎత్తు ఎంత, తలుపు వెడల్పు ఎంత, టర్పెంటైన్ వాడనిస్తారా, గాలి బయటికి లాగే ఫ్యాను ఉందా? ప్రకటనలో లేకపోతే గడువుకు మూడు వారాల ముందే ఈమెయిల్ రాసి అడగండి. ఆఖరి రోజుల్లో జవాబిచ్చే తీరిక వాళ్లకు ఉండదు.

మామూలుగా మొదటి వడపోతలో జ్యూరీ చూసేది బొమ్మలే, రాత తరవాత. పోర్ట్‌ఫోలియో నిండా ప్రకృతి దృశ్యాలుండి, ప్రతిపాదనలో 'ధ్వనితో ఇన్‌స్టలేషన్ చేస్తాను' అని ఉంటే, చేయగలరని నమ్మడానికి ఆధారం ఏదీ? కొత్త దారి పట్టాలనుకుంటే ఇంట్లోనే చేసిన ఒకటి రెండు చిన్న ప్రయోగాలను పోర్ట్‌ఫోలియోలో కలపండి. మాకు తెలిసినంతలో మంచి చిత్రకారుల దరఖాస్తులు పడిపోయేది ఎక్కువగా ఇక్కడే. బొమ్మలు ఒకటి చెబుతాయి, రాత ఇంకోటి చెబుతుంది, బడ్జెట్ మరోటి చెబుతుంది.

ప్రశ్న: చిత్రాల ఫోటోలు నేనే ఫోన్‌తో తీస్తాను. ఒకదానిలో రంగు పసుపుగా, ఇంకోదానిలో నీలంగా వస్తోంది. నూనె రంగు మెరుస్తోంది. ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకోక తప్పదా?

జవాబు: అక్కర్లేదు, ఫోన్ చాలు. కానీ ట్రైపాడ్ కావాలి, ఓపిక కావాలి.

రంగు మారడానికి కారణం రెండు రకాల వెలుతురు కలవడం. కిటికీ వెలుగు నీలం వైపు, మామూలు పసుపు బల్బు నారింజ వైపు లాగుతాయి. ఏదో ఒకటే ఉంచండి. మబ్బు పట్టిన రోజు ఆరుబయట నీడలో తీస్తే సగం బాధ తీరుతుంది. లోపలైతే కిటికీలు మూసి, గది దీపాలు ఆర్పి, ఒకే కంపెనీ, ఒకే రకం బల్బులు రెండు తీసుకోండి. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సంఖ్య) 90కి పైన ఉండాలి. చిత్రానికి చెరో పక్కన, 45 డిగ్రీల కోణంలో, సమాన దూరంలో నిలపండి. వెలుగు సమానంగా పడుతోందో లేదో చూడడానికి చిన్న ఉపాయం ఉంది: కాన్వాస్ నడిమధ్యకు ఎదురుగా, దాన్ని తాకకుండా ఒక పెన్సిల్‌ను లంబంగా పట్టుకోండి. రెండు వైపులా పడే నీడలు ఒకే పొడవు, ఒకే నలుపు ఉండాలి. ఒకటి పలచగా ఉంటే దానికి ఎదురు పక్కన ఉన్న దీపం బలహీనంగా ఉన్నట్టు, దాన్ని దగ్గరికి జరపండి. మొదటి ఫోటోలో ఒక గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పెట్టి తీసుకుంటే, తరవాత వైట్ బ్యాలెన్స్ సరిచేయడం ఒక్క నొక్కుతో అయిపోతుంది.

మెరుపు పోవాలంటే దీపాలను ఇంకా పక్కకు జరపండి. అయితే రంగు గుట్టలుగా వేసిన చిత్రమైతే, దీపం మరీ పక్కకు పోతే ప్రతి గీతకూ నీడ పడి చిత్రం గరుకుగా కనిపిస్తుంది. అక్కడ మెరుపును వడకట్టే పోలరైజింగ్ ఫిల్మ్‌ను దీపాలకు, పోలరైజింగ్ ఫిల్టర్‌ను లెన్స్‌కు పెట్టడం మేలైన దారి. గాజు ఫ్రేములోని చిత్రమైతే వీలున్నంతవరకు గాజు తీసేయండి, తీయలేకపోతే కెమెరా వెనక నల్ల గుడ్డ వేలాడదీయండి.

చిత్రం అంచులు వంగి రావడం ఫోన్‌లకున్న జబ్బు, ఎందుకంటే వాటి ప్రధాన లెన్స్ వెడల్పైన కోణంలో చూస్తుంది. 2ఎక్స్ జూమ్ పెట్టి వెనక్కి నడవండి. కెమెరా అయితే ఫుల్‌ఫ్రేమ్ లెక్కన 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్. లెన్స్ మధ్యబిందువు చిత్రం మధ్యబిందువుకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. గోడకు వేలాడే చిత్రం పైభాగం కొంచెం ముందుకు వాలి ఉంటుంది. కెమెరాను కూడా అంతే వాల్చకపోతే చతురస్రం కాస్తా పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పుగా వస్తుంది.

ఇక ఫైళ్లు. '300 డీపీఐ (అంగుళానికి పడే చుక్కలు) ఉండాలా' అని చాలామంది అడుగుతారు. తెర మీద చూసే బొమ్మకు డీపీఐతో పనిలేదు, పిక్సెల్ సంఖ్యే లెక్క. పొడవు వైపు 1920 పిక్సెళ్లు అని అడిగితే సరిగ్గా 1920 ఇవ్వండి. ఎస్‌ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో జేపెగ్‌గా దాచండి, వేరే ప్రొఫైల్ అయితే కొన్ని బ్రౌజర్లలో ఎరుపులు వెలిసిపోతాయి. ఫైలు పేర్లు 1, 2 అని కాకుండా 01, 02 అని మొదలుపెట్టండి. లేకపోతే చాలాచోట్ల 1 తరవాత 10 వచ్చి కూర్చుంటుంది, మీరు కష్టపడి పేర్చిన వరస చెడిపోతుంది. ఆ వరసలో అన్నిటికన్నా బలమైనది ముందు, రెండో బలమైనది చివర. పరిమితి 10 అన్నారు కదా అని బలహీనమైనవాటితో నింపకండి, ఎనిమిది మంచివి చాలు. పెద్ద చిత్రాలకు, పక్కన మనిషి నిలబడ్డ ఒక ఫోటో ఉంటే పరిమాణం తెలుస్తుంది. వివరాల జాబితాలో పేరు, సంవత్సరం, మాధ్యమం, ఎత్తు × వెడల్పు సెంటీమీటర్లలో. 'మిక్స్‌డ్ మీడియా' అనే మాట ఏమీ చెప్పదు. 'బొగ్గు, టీ మరక, నూలు దారం, కాగితం' అని రాయండి.

ప్రశ్న: ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్‌కూ ప్రాజెక్ట్ ప్రతిపాదనకూ తేడా ఏమిటి? రెండింటిలోనూ ఒకటే రాస్తున్నానని అనిపిస్తోంది.

జవాబు: అనిపించడం కాదు, చాలామంది అదే చేస్తారు. స్టేట్‌మెంట్ ఇప్పటివరకూ చేస్తున్న పని గురించి: ఏ పదార్థంతో, ఎలా, ఏది వెంటాడుతూ. ప్రతిపాదన రాబోయే ఆ కొన్ని వారాల గురించి: ఏం మొదలుపెడతారు, అది ఇక్కడే ఎందుకు జరగాలి.

'ఈ రెసిడెన్సీలో జ్ఞాపకం, గుర్తింపు, స్థలం అనే అంశాలను అన్వేషిస్తాను' అన్న వాక్యం ఎవరి ప్రతిపాదనలోనైనా ఇమిడిపోతుంది, అందుకే దానితో ఎవరికీ లాభం లేదు. దాని బదులు ఇలా: 'మా కుటుంబ ఆల్బమ్‌లో ముఖం చిరిగిపోయిన 14 ఫోటోలున్నాయి. వాటిని రాగి రేకుల మీద ఎచింగ్ చేస్తాను. మొదటి వారం ప్రయోగ రేకులు, రెండు, మూడు వారాల్లో 14 రేకులు, నాలుగో వారం ముద్రణ. నా దగ్గరున్న ప్రెస్ మీద 30 సెంటీమీటర్లకు మించిన రేకు ఎక్కదు, మీ ప్రెస్ మీద ఎక్కుతుంది.' ఆఖరి వాక్యం చూడండి. 'ఇక్కడే ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, పొగడ్త లేకుండానే. 'మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం వస్తే ధన్యుణ్ణి' లాంటి వాక్యాలు ఉన్న పదాల పరిమితిని తినేస్తాయి.

పథకం మరీ బిగించకండి. కొత్త చోటులో పని దారి మారుతుందని జ్యూరీకీ తెలుసు. మొదటి వారం ఏం చేస్తారన్నది కచ్చితంగా, చివరి వారం ఏమవ్వచ్చన్నది వదులుగా ఉంటే చాలు. ఫారంలో పరిమితి పదాల్లో ఉందా అక్షరాల్లో ఉందా చూసుకోండి. 1500 అక్షరాలంటే ఖాళీలతో కలిపి అయ్యుండొచ్చు. వేరే ఫైల్లో రాసుకుని అతికించండి, పేజీలోనే రాస్తే లాగిన్ గడువు ముగిసి మొత్తం పోతుంది.

ప్రశ్న: సిఫారసు లేఖలు ఎవరిని అడగాలి? పేరున్నవాళ్లైతే మంచిదా?

జవాబు: మీరు పని చేస్తుండగా చూసినవాళ్లైతే మంచిది. రెండు పొడి వాక్యాలు రాసిచ్చే ప్రముఖుడి కన్నా, స్టూడియోలో మీ తీరు చెప్పగల అధ్యాపకురాలో, ప్రదర్శనలు రూపొందించే క్యురేటరో మేలు. ఆరు వారాల ముందు అడగండి. అడిగేటప్పుడే ఓపెన్ కాల్, మీ ప్రతిపాదన, మూడు బొమ్మలు పంపండి. కొన్ని ఆన్‌లైన్ ఫారాల్లో మీరు వాళ్ల ఈమెయిల్ చిరునామా ఎక్కిస్తేనే వాళ్లకు లింకు వెళ్తుంది. ఆ మెయిల్ స్పామ్‌లో పడిందేమో చూడమని చెప్పండి.

ప్రశ్న: నాకు సోలో ప్రదర్శన ఒక్కటీ లేదు. సీవీ ఒక పేజీ కూడా నిండదు.

జవాబు: నింపకండి. అర పేజీ నిజం చాలు. కొత్తగా రంగంలోకి వస్తున్న కళాకారుల కోసమే కొన్ని రెసిడెన్సీలున్నాయి, ప్రకటనలో అర్హత గడి చూడండి.

ప్రశ్న: ఎంపికయ్యానని ఉత్తరం వచ్చింది. కానీ నెలకు ఇంత అని నేనే ఫీజు కట్టాలట! ఇది మోసమా?

జవాబు: ఫీజు ఉన్నంత మాత్రాన మోసం కాదు. స్టూడియోను నడపడానికి కళాకారుల దగ్గరే డబ్బు తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. మెక్‌డొవెల్ లాంటివి రెసిడెన్సీ ఫీజు తీసుకోవు. తెలుసుకోవలసింది మీరు కొంటున్నది గుర్తింపునా, గదినా అన్నది. దరఖాస్తు పంపిన మర్నాడే ఎంపిక ఉత్తరం వస్తే, జ్యూరీ పేర్లు ఎక్కడా లేకపోతే, అది స్టూడియో అద్దె. అద్దెకే తీసుకోవాలంటే తీసుకోండి, కానీ అద్దె లాగే బేరం చూడండి. అక్కడ గతంలో ఉన్న ఇద్దరు కళాకారులకు రాసి, స్టూడియో ఎంత పెద్దది, ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, చలికాలంలో వేడి ఉంటుందా అని అడగండి. డబ్బు కట్టేముందు రద్దు నియమాలు రాతపూర్వకంగా తీసుకోండి.

ఫీజు లేనిదైనా ఖర్చు తప్పదు. వీసా, బీమా, ప్రయాణం, సామగ్రి, తిరుగు రవాణా, మీరు లేని నెలల్లో ఇంటి అద్దె అన్నీ కలిపి, పైన 10 శాతం వేసుకోండి. అందరూ మరిచేది తిరుగు రవాణా. వెళ్లేటప్పుడు ఖాళీ సంచి, వచ్చేటప్పుడు ఆరు కాన్వాసులు. బడ్జెట్ అడిగిన దరఖాస్తులో ఈ వరుస లేకపోతే జ్యూరీ పట్టేస్తుంది.

ప్రశ్న: యూరప్‌లో మూడు నెలల రెసిడెన్సీ వచ్చింది. నూనె రంగులు విమానంలో తీసుకెళ్లొచ్చా? వీసా సంగతి ఎలా?

జవాబు: మూడు నెలలూ 90 రోజులూ ఒకటి కాదు, ముందు ఇది చూసుకోండి. షెంగెన్ (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే) స్వల్పకాల వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు, దిగిన రోజూ బయలుదేరిన రోజూ లెక్కలోకి వస్తాయి. జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు 92 రోజులు. రెండు రోజులు తగ్గించమని సంస్థను అడగండి, లేదా దీర్ఘకాల వీసాకు వెళ్లండి. స్టైపెండ్ ఉంటే ఏ రకం వీసా అన్నది కూడా వాళ్లనే అడగండి. స్వల్పకాల వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు ఇవ్వొచ్చు, 15 రోజుల దాకా ఆగడం మాత్రం తెలివితక్కువ. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆహ్వాన లేఖలో తేదీలు, వసతి చిరునామా, ఏ ఖర్చు ఎవరు భరిస్తారన్నది స్పష్టంగా ఉండాలి.

నూనె రంగు ట్యూబులను విమాన సంస్థలు సాధారణంగా చెక్‌-ఇన్ సామానులో అనుమతిస్తాయి. తయారీదారు భద్రతా పత్రం ముద్రించి ట్యూబులతో పాటు పెట్టండి, ఫ్లాష్ పాయింట్ (అంటుకునే ఆవిరి పుట్టే ఉష్ణోగ్రత) అందులో ఉంటుంది. టర్పెంటైన్ మాత్రం వద్దు. అది 35 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే అంటుకునే ఆవిరినిస్తుంది, విమానం ఎక్కనివ్వరు. అక్కడే కొనుక్కోండి.

ఇంకో సంగతి, పలచటి పొర చేతికి అంటకుండా ఆరడానికే రోజులు పడుతుంది, మందపాటి రంగుకు నెలలు. ఆఖరి రెండు వారాల్లో మందంగా వేసినది తడిగానే మీతో ప్రయాణిస్తుంది. మందపు పని మొదట్లోనే ముగించి, చివరి వారాలను కాగితం మీది పనికో అక్రిలిక్‌కో ఉంచుకోండి. కాన్వాసును ఫ్రేము విప్పి చుట్టేటప్పుడు రంగు ఉన్న వైపు బయటికి రావాలి. లోపలికి చుడితే రంగు పొర నలిగి, ముడతలు పడి, విప్పేటప్పుడు పగులుతుంది. గొట్టం ఎంత లావైతే అంత మంచిది.

ప్రశ్న: వెయిటింగ్ లిస్టులో పెట్టారు. ఏం చేయాలి?

జవాబు: రెండు రోజుల్లోపు జవాబు రాయండి: ఆసక్తి ఉందని, ఖాళీ వస్తే ఎన్ని రోజుల ముందు చెబితే బయలుదేరగలరో. వీసా కావాలంటే ఆ సంఖ్య నిజాయితీగా చెప్పండి, పది రోజుల్లో వస్తానని చెప్పి రాలేకపోతే ఆ గది ఖాళీగానే పోతుంది. రాకపోతే మరుసటి విడతకు మళ్లీ పెట్టండి, కానీ మధ్యలో ఎంత విరామం ఉండాలన్నది నిబంధనల్లో చూడండి. మళ్లీ పెట్టేటప్పుడు కనీసం సగం బొమ్మలు కొత్తవి ఉండాలి. ఏ సంస్థకు ఏ ప్రతిపాదన, ఏ బొమ్మలు, ఏ తేదీన పంపారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. గడువు వాళ్ల దేశపు గడియారం ప్రకారమా, మీ గడియారం ప్రకారమా అన్నది కూడా అందులోనే.